ట్యాగు లేనివాళ్ళకే పిలుపు

వంటవాళ్ళ కంటే పిలుపందినవాళ్ళు తక్కువైన గృహప్రవేశం తిరువూరులో ఒక్కటే జరిగింది. అది మాదే. ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. కాకపోతే నవ్వినవాళ్ళని గుర్తుపెట్టుకుంటాను.

రెండువేల అయిదో ఆరో, ఆ ప్రాంతంలో కంప్యూటర్ కొన్నాను. బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు ఖాజా వచ్చి దాన్ని బిగించి, నోట్సు రాసుకునే ప్రోగ్రామొకటి ఎక్కించాడు.

“సార్, ప్రతి నోటుకీ మీకు నచ్చిన పేరుతో ట్యాగు తగిలించుకోవచ్చు. ఆ ట్యాగు నొక్కితే ఆ రకం నోట్లన్నీ ఒకచోటికొస్తాయి. ‘కరెంటు బిల్లు’, ‘స్కూలు’, అలాగన్నమాట.”

నేను అలా పెట్టే రకం కాదు. తెలిసిన ప్రతి మనిషికీ ఒక నోటు తెరిచాను. ఎవరు నన్ను ఎలా చిన్నబుచ్చారో రాసి, తగిన ట్యాగు తగిలించాను. ‘చూసీ చూడనట్టు పోయాడు’. ‘పెళ్ళికార్డు పక్కింట్లో ఇచ్చి పంపాడు’. ‘నా జోకుకి నవ్వలేదు’ అనే ట్యాగు దసరా సెలవుల బస్సులా కిక్కిరిసిపోతే, ‘అసలు నవ్వలేదు’, ‘ఆలస్యంగా నవ్వాడు’ అని రెండుగా చీల్చాను.

ఓసారి రిపేరుకొచ్చిన ఖాజా తెర చూసి అదిరిపడ్డాడు. “సార్, నా పేరు మీద ‘టీ వద్దన్నాడు’ అని ఉందేంటి?”

“అన్నావుగా.”

“నాకు షుగరండీ!”

“ఆ మాట అప్పుడే చెప్పాలి.”

ఇంతలో గృహప్రవేశం వచ్చింది. మా ఆవిడ సుజాత తమ్ముడు రాంబాబు నా కొత్తింటి గడప తొక్కకూడదు. అదీ నా పంతం. అంతకుముందు ఏడాది వాళ్ళింట్లో భోజనాల దగ్గర, నాకు ఇటు కూర్చున్నాయనకీ అటు కూర్చున్నాయనకీ నెయ్యి వడ్డించి, నా విస్తరి మీదుగా గిన్నె దాటించాడు. నా దగ్గరికొచ్చేసరికి అయిపోయిందంటాడు. అయిపోయిన గిన్నెలోంచి అటువైపాయనకి ఎలా పడిందో ఇప్పటికీ చెప్పలేదు.

“ఏమండీ, పీటల మీద కూర్చోవాలంటే పుట్టింటి బట్టలు కట్టుకోవాలి. నాకున్నది ఒక్క తమ్ముడు” అంది సుజాత.

“బట్టలు నేను కొంటాను.”

“మీరు కొంటే పుట్టింటి బట్టలెలా అవుతాయి?”

సమాధానం దొరకనప్పుడు నేను గొంతు పెంచుతాను. “ఇందులో నా సొంత నిర్ణయమేమీ లేదు! కంప్యూటర్లో ‘ట్యాగు లేనివి’ అని ఉంటుంది, నొక్కు. అందులో వచ్చినవాళ్ళే నాకు ఏ అన్యాయమూ చెయ్యనివాళ్ళు. వాళ్ళకే బొట్టు పెట్టి పిలువు. ఒక్కరు తగ్గకూడదు, ఒక్కరు పెరగకూడదు.”

సుజాత వెళ్ళి నొక్కింది. తెర నావైపు తిప్పబోయింది.

“మీరొకసారి చూస్తారా?”

“అక్కర్లేదు.”

“నిజంగా ఇంతే చాలా?”

“చాలు!”

“తర్వాత మాట మార్చరుగా?”

“నేనా?”

మర్నాడు పొద్దున కుంకుమ భరిణె పట్టుకుని బస్సెక్కింది, మధ్యాహ్నానికి వచ్చేసింది. ఎంత చురుకైన మనిషి అని మురిసిపోయాను. శత్రువులు పోగా సగంమందైనా మిగులుతారు కదా అని వంటవాళ్ళకి పెద్ద గుండిగలే పురమాయించాను. బజార్లో తెలిసినవాళ్ళు మొహం తిప్పుకుంటుంటే, నా ఇల్లు చూసి కుళ్ళుకుంటున్నారనుకున్నాను.

తీరా పూజవేళకి షామియానా కింద కుర్చీలు తప్ప మనిషి లేడు. అప్పుడు ఆటో ఒకటి ఆగింది. పళ్ళెంలో పట్టుబట్టలతో, వాళ్ళూరు పెనుగొలను నుంచి, రాంబాబు దిగాడు.

“వీడినెవరు పిలిచారు?” అన్నాను పళ్ళు బిగించి.

“మీరే. ట్యాగు లేనిది వాడొక్కడికే” అంది సుజాత.

నిజమే, లేదు. వాడి మీద పేజీలకు పేజీలు రాశాను. కానీ ‘నెయ్యి’ అని పెడితే అంత గాయమూ చిన్నదైపోతుంది. ‘అవమానం’ అని పెడితే నలుగురిలో ఒకడైపోతాడు. వాడికి తగిన పేరు తట్టాక తగిలిద్దామని ఖాళీగా వదిలేశాను. మిగతా ఊరంతా, నా సొంత అన్నయ్యతో సహా, తలో ట్యాగూ మెడలో వేసుకుని ఇళ్ళల్లో కూర్చున్నారు.

రాంబాబు ఖాళీ కుర్చీలు చూశాడు. గుండిగలు చూశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

“బావగారూ! ఊళ్ళో ఇంకెవర్నీ పిలవకుండా నా ఒక్కడి కోసం ఇంత చేయించారా?”

ఏం చెప్పమంటారు? “అవును” అన్నాను. సుజాత పైట చెంగు నోట్లో కుక్కుకుంది. వాడు వెంటనే ఇంటికి ఫోన్ కొట్టాడు. గంట తిరిగేసరికి ట్రాక్టరు నిండా వాళ్ళ వైపు చుట్టాలు దిగి, గుండిగలు అడుగంటా ఊడ్చి, నన్ను దేవుడని దీవించి వెళ్ళారు.

అంతా వెళ్ళాక అగ్నిసాక్షిగా ప్రమాణం చేశాను. ఇక నా కంఠంలో ప్రాణముండగా ఏ మనిషినీ ట్యాగు లేకుండా వదలను. ఆ క్షణమే మొదటిది రాంబాబుకి తగిలించాను.

‘పిలిస్తే వచ్చాడు’.