మా ఆయనకు పెట్టిన పథ్యం

మొన్న తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం నిలబడ్డ ఒకాయన మెడ మీద ఊదారంగు గీతలు చూశాను, కరెంటు పెట్టించుకునే కాన్సరు రోగులకి ఆసుపత్రిలో గీసే గుర్తులవి. చొక్కా కొయ్యకి తగిలించినట్టు వేలాడుతోంది. పక్కన భార్య చేతిలో బార్లీనీళ్ళ సీసా. మా ఆయనే గుర్తొచ్చాడు. సంతకం తప్ప రాయలేనిదాన్ని, అందుకే మనవరాలి చేత ఇది రాయిస్తున్నాను.

మా ఆయనకి గొంతులో కాన్సరని తేలి, ఏడు వారాలు కరెంటు పెట్టాలన్నప్పుడు డాక్టరమ్మ మొదటిరోజే గుడ్లు, పాలు, మెత్తటి పప్పన్నం బాగా పెట్టమని చెప్పింది. తలూపాను. ఇంటికొస్తే మా అత్తగారు, అసలే కరెంటు వేడి, పైన గుడ్డు వేడి కూడా తగిలితే పుండు మానదంది. నా కాన్పులన్నిటికీ ఆవిడ పథ్యమే నన్ను నిలబెట్టిందని నమ్మినదాన్ని, ఆ మాటే పట్టుకుని బార్లీనీళ్ళు, సగ్గుబియ్యం గంజి, పలచటి చారన్నం తప్ప మరోటి పెట్టలేదు. మొలతాడు తుంటి మీదికి జారుతుంటే రెండుసార్లు ముడి బిగించి కట్టానే గాని, నాకు బుద్ధి రాలేదు. ఆయన మాత్రం ఆ బొంగురు గొంతుతోనే నవ్వాడు.

"బాలింతరాలి పథ్యం పెడుతున్నావేంటే, నేనేమన్నా కన్నానా?"

నాలుగో వారంలో, తల కదలకుండా ముఖానికి బిగించే ప్లాస్టిక్ తొడుగు వదులైపోయిందని ఆయన్ని బల్ల మీంచి దింపేశారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"బరువు ఇంకా తగ్గితే కరెంటు ఆపెయ్యాల్సొస్తుందమ్మా. ఏం పెడుతున్నావు?"

చెప్పాను. ఆవిడ తిట్టలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఆ సాయంత్రమే పాలల్లో గుడ్డు గిలక్కొట్టి గోరువెచ్చగా కాచి ఇచ్చాను. మింగుతుంటే ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి, గ్లాసుడు పాలకి ముప్పావుగంట పట్టేది. మా అత్తగారు రెండ్రోజులు మొహం తిప్పుకుంది, మూడోరోజు కొడుకు పక్కన కూర్చుని తనే చెంచాతో పోసింది. ఆ వారం తూకం తగ్గలేదు. కొత్త తొడుగు చేసి, మిగిలిన కరెంటంతా పెట్టారు.

తర్వాత అయిదేళ్ళు మాతో ఉండి, పోయిన వేసవిలో గుండె ఆగి పోయాడు.

ఈ కాలం పిల్లలకి పథ్యమన్న మాటే పట్టదు, జ్వరమొచ్చినా గుడ్డు తింటారు, మంచిదే. పెట్టకుండా నోరు కట్టెయ్యడమే ప్రేమనుకున్న మాబోటి ఆడవాళ్ళం మాత్రం, ఆ ప్రేమతో మావాళ్ళని ఎంత ఎండబెట్టామో.