బోలెడు పొద్దున్నాదత్తా

వీడియో గేముల బొమ్మలతో తీసిన సినిమా శ్రీకాకుళం వచ్చిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా సూరమ్మ అత్త. నాకు ఇంట్లోనే చదువు చెప్పిన మనిషి ఆమె. మొన్న పక్కింటి పాప ఫోన్లో ఆట ఓడి, వెంటనే మళ్ళీ మొదలుపెట్టిన చప్పుడు వినగానే చిన్నప్పుడు అత్తతో ఆ సినిమాకెళ్ళిన ఆదివారం గుర్తుకొచ్చింది.

ఆదివారాలు అత్త అరసవల్లి సూర్యదేవుడికి ఉపవాసం. పొద్దు గూకేలోగా ఒక్కపూట ఉప్పులేని అన్నం తినాలి. గూకితే మర్నాడు సూర్యుణ్ణి చూసేదాకా మంచినీళ్ళయినా ముట్టదు. సినిమా అయ్యాక ఇంటికెళ్ళి తింటానంది. కరెంటు పోయి మధ్యాహ్నం ఆట ఆలస్యంగా మొదలైంది.

తెర మీద చిన్న బొమ్మ ఆఖరి గోడ ఎక్కుతుండగా అత్త నా భుజం తట్టింది.

“ఒసే, పొద్దుందేటో ఓపాలి సూసి రా.”

బయట సూర్యుడు మేడల వెనక్కి దిగిపోతున్నాడు. అప్పుడే బయలుదేరితే అత్తకు అన్నం అందేది. నేను లోపలికొచ్చి, “బోలెడు పొద్దున్నాదత్తా” అన్నాను. గేములో ప్రాణం పోయినా మళ్ళీ మొదటినుంచి ఆడుకోవచ్చు కదా, ఉపవాసమూ అంతేననుకున్నాను.

బయటికొచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. అత్త ఆకాశాన్ని చూసి, నన్ను చూసి నవ్వింది.

“ఏటి సేస్తాం, నాకంటే ముందే తొంగున్నాడు మన దేవుడు. ఇంతకీ బొమ్మ గెలిసిందా నేదా?”

ఇంటికెళ్ళి నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. నేను కడుపునిండా తిన్నాను. నిజం చెప్పకుండానే, ఏళ్ళ తర్వాత ఆమెను కాటికి సాగనంపాను. ఆమెకు ఆ రోజే తెలుసని ఇప్పుడనిపిస్తుంది.

ఇది చదివినవారు దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు మా సూరమ్మ అత్తను ఒక్కసారి తలుచుకోండి.