కర్ర బాతు మీద వేసిన నింద

ఈ మాటను ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా నన్ను నేను కాస్త గొప్ప చేసుకోవడమేనేమో. మొదట్లో బరువుగానే ఉండేది. తర్వాత అలవాటైపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అది ఉన్న సంగతే మరిచిపోయి, హాయిగా తిని, హాయిగా పడుకుని, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా పాటలు పాడాను. అంత సులువుగా ఎలా మరిచిపోగలిగాను? మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. అందుకే మీతో చెప్పడం కొంచెం తేలిక.

నేను నర్సును. బాపట్ల వైపు నుంచి ఉద్యోగానికని ఢిల్లీ వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే మా ఆయనను మట్టిచేసి, ఇప్పుడు ఈ ఊళ్లోనే ద్వారక కాలనీలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా అబ్బాయి గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాడు. వాడికి ఒక్కటే పాప. ప్రతి శనివారం పొద్దున్నే పాపను నా దగ్గర వదిలి సాయంత్రం తీసుకెళ్లేవాళ్లు. వేరే ఎవరి దగ్గరా వదిలేవాళ్లు కాదు. "మా అత్తమ్మ నర్సు, నాకేం టెన్షన్ లేదు" అని కోడలు తన స్నేహితురాళ్లకు చెప్పుకునేది. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా ఒకపక్క పొంగిపోయేదాన్ని, ఇంకోపక్క తల దించుకునేదాన్ని. ఈ ఒప్పుకోలుతో నాకు పోయేదేమైనా ఉంటే ఆ శనివారాలే. అంతకుమించి నాకున్నదీ లేదు.

పాప రెండో పుట్టినరోజు దగ్గరపడింది. నాయనమ్మ ఇచ్చే బహుమతి నేనే ఎంచుకుంటానని పట్టుబట్టాను. లేకపోతే కోడలు ఫోన్‌లో ఏదో చూపించి, "ఇది ఓకేనా అత్తమ్మా?" అని నా బదులు తనే ఆర్డర్ పెట్టేస్తుంది. సరేనని ముగ్గురూ కలిసి నన్ను ఒక మాల్‌కి తీసుకెళ్లారు. బొమ్మల దుకాణంలో పాప అన్నిటినీ ముట్టుకుంటోంది, దేన్నీ అడగటం లేదు. నేను నెమ్మదిగా ఒక్కో అర చూసుకుంటూ పోయాను. ఒక మూల మన వైపు లక్క బొమ్మలు పెట్టారు. వాటి మధ్య, తాడు కట్టి లాగే కర్ర బాతు. ఎర్ర ముక్కు, పసుపు రెక్కలు, కింద చక్రాలు.

నా చెయ్యి దానంతట అదే వెళ్లి దాన్ని తీసింది.

మా అబ్బాయి నవ్వుతూ నా చేతిలోంచి లాక్కున్నాడు. "మమ్మీ, యే తో బిల్కుల్ నహీ! యాద్ నహీ హై క్యా? నాయనమ్మ కిల్లర్ డక్!" అన్నాడు, ఇది మాత్రం వద్దే వద్దు, గుర్తులేదా అని. కోడలికి ఆ కథ తెలుసు, తనూ నవ్వింది. ఎప్పుడో వాడి రెండో పుట్టినరోజుకు వాడి నాయనమ్మ, అంటే మా అత్తయ్య, ఊరి నుంచి తెచ్చిన కర్ర బాతును నోట్లో పెట్టుకుని, దాని రంగు విషమై, చావు తప్పి బయటపడ్డాడట. మా ఇంట్లో ఈ కథ చెప్పని పండగ లేదు. వాడు కోపంగా చెప్పడు పాపం, ముద్దుగానే చెబుతాడు. పిచ్చి నాయనమ్మ, ఏమీ తెలియని నాయనమ్మ అన్నట్టు. ఆ రోజు పాప వైపు వంగి, "యే గందా హై బేటా, ఛీ, మన పెద్ద నాయనమ్మ డాడీకి ఇలాంటిదే ఇచ్చి బీమార్ చేసింది, జబ్బు తెప్పించింది" అన్నాడు. పాప బాతు వైపు భయంగా చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

నేనాడిన అబద్ధం నా కొడుకు దగ్గర ఆగలేదు, వాడి కూతురి దాకా వచ్చేసింది. నేను పోయాక కూడా అది ఉంటుంది.

ఎందుకంటే ఆ బాతులో విషం లేదు.

జరిగింది చెబుతాను. అప్పట్లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నావి నైట్ డ్యూటీలు, మా ఆయనవి పగటి డ్యూటీలు. అబ్బాయి పుట్టినరోజుకు మా అత్తయ్య ఊరి నుంచి వచ్చింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను ఆవిడకు పాఠాలు చెబుతూనే ఉన్నాను. నీళ్లు కాచలేదేం, చేతులు సబ్బుతో కడగలేదేం, ఆ కొంగుతో వాడి మూతి తుడుస్తారేం. చదువుకున్న కోడలినని, తెల్లబట్టలు వేసుకునే కోడలినని నాకు పొగరు. ఆవిడ పల్లెత్తు మాట అనేది కాదు.

పుట్టినరోజు సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టుకున్నాం. పాస్టరుగారు వస్తారు, మన తెలుగువాళ్లంతా వస్తారు, ప్రార్థన అయ్యాక కేకు, బిర్యానీ. ఆ పొద్దున డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నాకు కళ్లు తెరిపిళ్లు పడటం లేదు. పిల్లవాడేమో బాతును లాక్కుంటూ ఇల్లంతా గోల. నాయనమ్మ పిలిస్తే వెళ్లడు, నేనే కావాలి. వాడు పడుకుంటే తప్ప నాకు నిద్ర లేదు.

ఇంట్లో జలుబుకు వాడే సిరప్ ఉంది. అది తాగితే పిల్లలు మత్తుగా పడుకుంటారని నాకు తెలుసు. నైట్ డ్యూటీలు చేసే మాలో కొందరం ఆ పని చేసేవాళ్లం. ఒకరితో ఒకరం నవ్వుతూ చెప్పుకునేవాళ్లం కూడా. ఒకసారి పోశాను. వాడు పడుకోలేదు. విసుగొచ్చి మళ్లీ పోశాను. కొలత చూడలేదు. వార్డులో ఎంతమందికో మందులు కొలిచి ఇచ్చిన చెయ్యి, దానికి కొలత కావాలా అనుకున్నాను. కొత్తగా నేర్చుకునే పిల్ల అయితే భయపడి చూసేది. నాకు భయం లేదు. వాడు పడుకున్నాడు. పక్కనే నేనూ ఒళ్లు తెలియకుండా పడుకున్నాను.

సాయంత్రం జనం వచ్చే వేళకు ఎంత లేపినా వాడు లేవలేదు.

ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగింది నన్నే. "కోయీ దవాయీ దీ థీ?" మందేమైనా ఇచ్చావా అని. ఆ ఒక్క ప్రశ్నకు జవాబిస్తే వాళ్లకు ఏం చెయ్యాలో వెంటనే తెలిసిపోయేది. అది నాకన్నా బాగా ఎవరికి తెలుసు? లేదన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? మా ఆయన మొహం ఎలా చూడాలన్న సిగ్గా? లేక ఇన్నాళ్లూ పాఠాలు చెప్పిన అత్తయ్య ముందు తప్పు చేసినదానిగా నిలబడాలంటే ఒళ్లు మండిందా? నిజం చెప్పాలంటే ఈ చివరిదే ఎక్కువ. డాక్టరు మళ్లీ, నోట్లో ఏమైనా పెట్టుకున్నాడా అని అడిగాడు. అత్తయ్య కంగారులో బాతును చేత్తో పట్టుకునే వచ్చేసింది. నేను దాన్ని చూపించాను.

మందు మత్తు దిగేదాకా వాడి చిట్టి చేతికి ఎన్ని చోట్ల సూదులు గుచ్చి రక్తం తీశారో నేను పక్కనే నిలబడి చూశాను. అప్పుడైనా నోరు పెగిలిందా? లేదు. మర్నాడు పొద్దున వాడు కళ్లు తెరిచి నన్ను పిలిచాడు. గండం గడిచింది కదా, ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను.

ఇంటికొచ్చాక అత్తయ్య బాతును ఒళ్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

"అమ్మాయ్, నిజంగా దీని రంగేనంటావా?"

"రంగు కాదత్తయ్యా, అందులో కలిపే కెమికల్. వాడు ముక్కు చప్పరిస్తున్నాడు కదా, లోపలికి పోయింది."

"కొట్లోనే కొంగు తడిపి రుద్ది చూశానే. ఇసుమంత కూడా అంటలా. నాలిక్కి కూడా రాసుకుని చూశా."

"అది కంటికి కనపడదండీ."

ఆవిడ బాతు ముక్కును కొంగుతో మళ్లీ ఒకసారి రుద్దింది. "అంతేలే. సదువుకున్నదానివి, నీకు తెలవకుండా ఉంటదా" అంది.

ఆ బాతును ఆవిడే కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. నేను తీసుకెళ్లి వీధి చివర చెత్తలో పడేసి వచ్చాను.

మరుసటి ఏడు ఎండాకాలం సెలవులకు ఊరు వెళ్లాం. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి అని పాస్టరుగారు అనగానే మా అత్తయ్య లేచి నిలబడింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. తన తెలివితక్కువతనంతో సొంత మనవడి ప్రాణం మీదికి తెచ్చానని, దేవుడు తనను క్షమించి బిడ్డను తిరిగి ఇచ్చాడని ఏడుస్తూ చెప్పింది. ఆడవాళ్లంతా "స్తోత్రం" అన్నారు. నేనూ అన్నాను. ఆవిడ పక్కనే చాప మీద కూర్చుని, అందరితో పాటు, స్తోత్రం అన్నాను.

మీకు చెప్పాలని కూర్చున్నది నిజానికి ఈ ఒక్క మాట కోసమే. మందు పోయడం అలసటతో జరిగిందనుకోవచ్చు. డాక్టరుకు చెప్పకపోవడం భయమనుకోవచ్చు. ఈ స్తోత్రానికి ఏ సాకు చెప్పను?

ఆ తర్వాత ఆవిడ ఏ మనవడికీ, మనవరాలికీ బొమ్మ కొనలేదు. చంటిపిల్లల్ని ఎత్తుకోమంటే ముందు నా మొహం చూసేది. ఆఖరి రోజుల్లో ఆవిడకు నేనే సేవ చేశాను, అందరూ నన్ను మెచ్చుకున్నారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే పోయిందని రాస్తే బాగుండేది. అదీ అబద్ధమే అవుతుంది. చెప్పాలని నేను అనుకోనేలేదు.

మాల్ నుంచి వచ్చిన మర్నాడు మెట్రోలో ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. ఆ బాతును కొన్నాను. అత్తయ్య లాగే కొంగు తడిపి రుద్ది చూశాను. పుట్టినరోజున నన్ను తీసుకెళ్లడానికి అబ్బాయి కారులో వచ్చాడు. దారిలో, ట్రాఫిక్‌లో కారు ఆగి ఉండగా మొత్తం చెప్పేశాను. వాడి వైపు చూడలేదు, ముందున్న బండి నంబరు ప్లేటు వైపు చూస్తూ చెప్పాను. వెనక హారన్లు మోగేదాకా వాడు బండి కదపలేదు. "అచ్ఛా" అన్నాడు.

కూటం అయ్యాక పాపకు బాతు ఇచ్చాను. కోడలు ఉలిక్కిపడి, వచ్చినవాళ్లకు ఆ పాత కథ మొదలుపెట్టబోయింది. అబ్బాయి ఆపేశాడు. "నహీ, అది బొమ్మ తప్పు కాదు. మా నాయనమ్మ తప్పు కూడా కాదు" అన్నాడు. ఎవరి తప్పో చెప్పలేదు. నన్ను కాపాడాడో, నా పేరెత్తడానికే ఇష్టం లేకపోయిందో వాడిని అడగలేదు. పాప మాత్రం బాతును లాక్కుంటూ అందరి కాళ్ల మధ్యా తిరిగింది.

ఆ శనివారం పాపను తీసుకురాలేదు. "ఈ వారం మేం ఇంట్లోనే ఉంటున్నాం అత్తమ్మా" అని కోడలు ఫోన్ చేసింది. గొంతు మరీ మెత్తగా ఉంది. సరేనమ్మా అన్నాను. తర్వాతి శనివారమూ అంతే. ఈ శనివారం ఫోన్ కూడా రాలేదు.

ఏడుపు వచ్చింది, ఏడ్చాను. కానీ వాళ్ల మీద కోపం రాలేదు. ఇంతకాలం ఎవరైనా కనిపెడతారేమోనని లోపల ఎక్కడో బిగబట్టి ఉన్నది ఇప్పుడు లేదు, మనసు తేలిగ్గానే ఉంది. సొంత మనవడి దగ్గరికి వెళ్లడానికి కూడా భయపడుతూ మా అత్తయ్య అన్నేళ్లు ఎలా బతికిందో ఈ మూడు శనివారాల్లో కాస్త తెలిసింది. కాస్తే. ఆవిడ చెయ్యని తప్పుకు పడింది. నేను చేసిన తప్పుకే పడుతున్నాను.