సీసాడు వాననీళ్ళు

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, ఒక సీసాడు వాననీళ్ళు దొంగతనంగా తాగాను. చెబితే నవ్వులాటగా ఉంటుంది. కానీ ఆ నీళ్ళ మూలంగా ఒక తండ్రి తన కూతురి పాట వినలేకపోయాడు. ఆ తప్పు నాది.

మాది రాయచోటి నుంచి కడపకు పోయే దారిలో ఒక చిన్న పల్లె. అప్పటికి మాకు కరెంటు లేదు. బావుల్లో ఉన్న కాసిని నీళ్ళూ ఉప్పగా ఉండేవి. ఆ ఏడు ఎండాకాలం మా ఊరి ముందుకు రోడ్డింజను వచ్చింది. కంకర తొక్కి రోడ్డు చదును చేసే, బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజను. దాని వెనక కొక్కేనికి తగిలించిన చక్రాల గది ఒకటి ఉండేది. రేకుల కప్పు, రెండు కిటికీలు, లోపల ఒక మంచం, ఒక పొయ్యి. ఇంజను డ్రైవరు కాపురం అందులోనే. నాలుగు రోజులకొకసారి, వేసిన రోడ్డు వెంట ఆ ఇల్లు కాస్త ముందుకు జరిగేది. ఆయన కర్నూలు సాయిబు. పిల్లలమంతా మామా అని పిలిచేవాళ్ళం. నన్ను మాత్రం అల్లుడా అనేవాడు.

ఆ గదిలో రేడియో ఉండేది. మేము చూసిన మొదటి రేడియో అదే. దానికి వేసే బ్యాటరీలు మాటిమాటికీ కొనే తాహతు లేక, మామ ఒక పాత లారీ బ్యాటరీ, ఒక పాత లారీ డైనమో సంపాదించాడు. డైనమోను ఇంజను పక్కన బిగించి, తిరిగే పెద్ద చక్రానికి తోలు పట్టీ వేశాడు. పగలంతా ఇంజను కంకర తొక్కుతూ ఉంటే బ్యాటరీ నిండేది. పొద్దు వాలాక దాన్ని గదిలోకి మోసుకొచ్చి రేడియోకు తగిలించేవాడు.

"ఈ పొద్దు తొక్కిన రోడ్డంతా ఇప్పుడు పాటయితాది, చూడు అల్లుడా" అనేవాడు.

నేను నిజమే అనుకున్నాను. దూరంగా ఎండలో గాలి నీళ్ళలా కదులుతుంటే, అందులో ఇంజను ఈదుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతుంటే, కంకర కింద పాటలు నలుగుతున్నాయనుకునేవాణ్ణి. సాయంత్రం ఆ గది నేల మీద పడుకుని కళ్ళు మూసుకుంటే, గది మెల్లగా బయలుదేరి కొండల మీదుగా ఎక్కడికో పోతున్నట్టుండేది. బొగ్గు వేసే ఆయన గుమ్మంలో నిలబడి, "ఏమప్పా, నిద్దరపోనీకి మీ ఇంట్లో తావు లేదా?" అని ఎగతాళి చేసేవాడు.

మామకు నీళ్ళ మీద అనుమానం ఎక్కువ. ఇంజనులో పోసే ముందు బొగ్గు పారను వేడి చేసి దాని మీద నాలుగు చుక్కలు వేసేవాడు. మా బావి నీళ్ళు చుయ్యిమని ఎండి తెల్లటి మచ్చ మిగిల్చేవి. "మీ ఊరి నీళ్ళు యాడికి పోయినా చెప్పి పోతాయప్పా" అని నవ్వేవాడు. ఉప్పు తగిలితే పాడవుతుందని బ్యాటరీలో మాత్రం ఆ నీళ్ళు పోయనిచ్చేవాడు కాదు. దానికోసం కిందటి వానల్లో పట్టిన నీళ్ళు ఒక సీసాలో పోసి, బిరడా పెట్టి, మంచం కింద దాచుకున్నాడు. అవి పార మీద వేస్తే ఏ గుర్తూ ఉండేది కాదు.

ఒకరోజు ఇంటి దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. రెండు వారాల తర్వాత ఆదివారం మధ్యాహ్నం, రేడియోలో పిల్లల కార్యక్రమంలో ఆయన కూతురు పాడుతుందట. మామ ఆ ఉత్తరాన్ని మాకు మూడుసార్లు చదివి వినిపించాడు. "నా ముందర నోరు తెరవదు. శానా సిగ్గు. రేడియోలో అయితే నేనుండేది కనపడదు కదా!" అన్నాడు.

ఆ వారమే నేను సీసా బిరడా తీశాను. దప్పికగా ఉండింది. ఒక్క గుక్క అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఉప్పునీళ్ళు తాగినవాణ్ణి. ఆ నీళ్ళు గొంతులో దిగుతుంటే కలలో తాగినట్టుండింది. మర్నాడు ఇంకో గుక్క. మూడో నాటికి సీసా అడుగంటింది. భయమేసి బావి నీళ్ళతో నింపి పెట్టేశాను. మామ చూసుకోకుండా ఆ నీళ్ళే బ్యాటరీలో పోశాడు. రోజురోజుకూ పాట సన్నబడింది. శుక్రవారం, శనివారం ఆయన రేడియో పెట్టలేదు. ఉన్న బలమంతా ఆదివారానికి దాచాడు.

ఆదివారం ఊరు సగం ఆ గది చుట్టూ చేరింది. మామ ఉతికిన చొక్కా తొడుక్కుని రేడియో ముందు కూర్చున్నాడు. కార్యక్రమం మొదలైంది. ఆయన కూతురి పేరు వినిపించింది. ఆ పేరు సగంలోనే గొంతు సన్నబడి, రేడియో ముందరి చిన్న దీపం ఎర్రబడి, ఆరిపోయింది.

కాసేపటికి మా తాతయ్య, "సాయిబూ, ఆ బొగ్గాయన ఏమన్నా చేసినాడేమో చూడు" అన్నాడు.

"నేనేం చేస్తా పెద్దాయనా? దాన్ని తాకను కూడా తాకను!" అన్నాడు బొగ్గు వేసే ఆయన, ముఖం ఎర్రబడి.

మామ సీసా తీశాడు. అన్నం పొయ్యి మీద పార పెట్టి చుక్కలు వేశాడు. తెల్లటి మచ్చ లేచింది. తల ఎత్తి ఒక్కసారి నన్ను చూశాడు. వెంటనే, ఇంకా వేడిగా ఉన్న పార మీద ఆ మచ్చను బొటనవేలితో తుడిచేశాడు.

"ఎవురూ ఏం చేయలేదప్పా. బ్యాటరీకి వయసయిపోయినాది" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. నాలుగు రోజుల తర్వాత ఇంజను, దాని వెనక ఇల్లు, మా ఊరు దాటిపోయాయి.

తొలి వాన పడిన రోజు మా అవ్వ ఇత్తడి గిన్నెను వాకిట్లో ఆరుబయట పెట్టాను. నిండిన నీళ్ళు గుడ్డలో వడగట్టి సీసాలో పోసుకుని, కొత్త రోడ్డు వెంట నాలుగు మైళ్ళు నడిచాను. మామను చూడగానే జరిగిందంతా చెప్పేశాను. ఆయన పార వేడి చేసి చుక్కలు వేశాడు. మచ్చ రాలేదు.

"పాప పాట?" అని అడిగాను.

"పండగకు పోయినప్పుడు పాడమంటి. వాళ్ళమ్మ వెనకాల దాంకున్యాది." పార పక్కన పెట్టి, "ఆ నీళ్ళు ఎట్లుండెరా?" అన్నాడు.

"తియ్యగా ఉండె, మామా."

"అడిగింటే నేనే ఇచ్చింటి కదరా" అన్నాడు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణేమో.

ఆ రోడ్డు పని అయ్యేదాకా, వాన పడ్డప్పుడల్లా ఒక సీసా మోసుకుపోయాను. పోయిన పాట తిరిగి రాలేదు.

ఇప్పుడు కల్లూరులో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఏటా తొలి వానకు మిద్దె మీద గిన్నె పెడతాను. ఆ నీళ్ళు సీసాలో పోసి, మా వీధి చివర బ్యాటరీలు బాగుచేసే ఆయనకు ఇస్తాను. ఇవి అంగట్లో డబ్బాల్లో దొరుకుతాయి కదా పెద్దాయనా అని ఆయన నవ్వుతాడు. ఉండనీలే అప్పా అంటాను. దప్పికైతే తాగు అని కూడా చెప్పి వస్తాను.