మీదివి ఆయనవి, కిందివి నావి

మొన్న ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాల కోసం ఫుట్‌పాత్ వెంట తిరుగుతుంటే మోకాలు మొరాయించింది. కాసేపు నిలబడదామని ఒక టీవీల షాపు ముందు ఆగాను. అద్దం వెనక వరసగా పెట్టిన తెరలన్నింటి మీదా ఏదో ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. ఎవరో విదేశీ కుర్రాడు, వెనక వరసలో ఆడేవాడు, బంతి కోసం గాలిలోకి ఎగిరి ఎదుటివాడి తలకు తల కొట్టుకుని కింద పడ్డాడు. వెంటనే ఆట ఆగింది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చి, కళ్ళలోకి లైటు వేసి చూసి, ఏవో ప్రశ్నలడిగి, నాకేం కాలేదు ఆడతానని వాడు చేతులూపుతున్నా వినకుండా బయటికి నడిపించుకుపోయారు. నా పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు, ఇంత చిన్న దెబ్బకే తీసేస్తారా అని విసుక్కున్నారు. వాళ్ళ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, పుస్తకాల సంగతి మరిచిపోయి అక్కడికక్కడే ఆటో ఎక్కి నాంపల్లి వెళ్ళిపోయాను. అక్కడ ఒక సందులో, వయసులో ఉన్నన్నాళ్ళూ నా పక్కన నిలబడి ఆడిన అన్న ఉంటాడు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాడు. మా నాన్నగారు యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. అన్న వాళ్ళది తాతల కాలం నుంచీ హైదరాబాదే, బట్టల వ్యాపారం చేసే కుటుంబం. మమ్మల్ని కలిపింది గన్‌ఫౌండ్రీలోని ఒక ఆఫీసు ఫుట్‌బాల్ టీము. మా కాలంలో ఆటగాళ్ళకు ఇలాంటి ఆఫీసులు ఉద్యోగాలిచ్చి పోషించేవని నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే సంతకం పెట్టి, నాలుగు ఫైళ్ళు అటూ ఇటూ తిప్పి, మధ్యాహ్నం నుంచి బషీర్‌బాగ్ గ్రౌండులో చెమటోడ్చడం మా కొలువు. మా నాన్నగారు మాత్రం చివరిదాకా నేను గుమాస్తాననే బంధువులకు చెప్పుకున్నారు. ఒక రకంగా నిజమే, కాకపోతే పర్మనెంట్ అయ్యేదాకా ఆ గుమాస్తాగిరి కాళ్ళ మీదే ఆధారపడి ఉండేది. ఆడలేనివాణ్ణి మర్నాడే ఇంటికి పంపేవారు.

మేమిద్దరం బ్యాకులం. అంటే గోలు కొట్టేవాళ్ళం కాదు, కొట్టనివ్వకుండా ఆపేవాళ్ళం. గోలు కొట్టినవాడి ఫోటో పేపర్లో పడుతుంది, వాణ్ణి భుజాల మీద మోస్తారు, అబిడ్స్ ఇరానీ హోటల్లో వాడికి చాయ్ ఎవరో ఒకరు తాగిస్తారు. గోలు కాకుండా పోయినదాన్ని ఎవరు ఫోటో తీస్తారు? మేం ఆపినవి మాకే తెలుసు. ఆట అయ్యాక గోడకు చేరగిలబడి, ఆ రెండోసారి నువ్వు అడ్డం రాకపోతే కొంప మునిగేదని ఒకరికొకరు చెప్పుకోవడం తప్ప మా పనికి వేరే గుర్తింపు లేదు. ఆ ముచ్చట్లు చాలనిపించేవి, నిజంగానే చాలేవి.

నేను చేరిన మొదటి వారమే అన్న పంపకాలు చేసేశాడు.

“ఏంది తమ్మి, గట్ల పరేషాన్ అయితవ్? మీదికెల్లి వచ్చేది నాది, కిందికెల్లి వచ్చేది నీది. ఆకాశం దిక్కు నువ్వు సూడనే సూడకు.”

నేను కాస్త పొట్టి, ఆయన తాటిచెట్టంత మనిషి. అందుకే నేల బంతులకు నా కాళ్ళు, గాలి బంతులకు ఆయన తల. ఇందులో వింతేమీ లేదు, అన్ని టీముల్లోనూ ఇలాగే పంచుకునేవారు. కానీ వానాకాలంలో అప్పటి తోలు బంతి నీళ్ళు తాగి ఇటుకంత బరువెక్కేది. అది చాలదన్నట్టు మా కోచ్, అందరం ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన, ప్రాక్టీసు బంతుల్ని కావాలనే బకెట్లో నానబెట్టించేవాడు. తడి బంతికి అలవాటుపడ్డ తలకు మ్యాచ్‌లో పొడి బంతి పువ్వులా ఉంటుందని ఆయన నమ్మకం. చెడ్డమనిషి కాదు, మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకునేవాడు, రంజాన్‌లో ఇంటికి పిలిచి దగ్గర కూర్చుని తినిపించేవాడు. ఆయనకు ఆయన ఉస్తాద్ అలాగే నేర్పాడు, అంతే. సాయంత్రాలు ఆ నానిన బంతుల్ని ఆయన విసురుతుంటే, అన్న నుదుటితో ఒక్కొక్కటే తిప్పికొట్టేవాడు. ఆ చప్పుడు చెక్క మీద రోకలి వేసినట్టుండేది. ప్రాక్టీసయ్యాక అన్న నల్లా కింద తల పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయేవాడు. పొగరుబోతు, నీళ్ళన్నీ తనకే కావాలి అని మేం వెనక నుంచి వేళాకోళం చేసేవాళ్ళం.

నా మోకాలు ముందుగా పోయింది. అదృష్టం కొద్దీ అప్పటికి ఉద్యోగం గట్టిపడింది. గొంతు బాగుంటుంది, ఆట తెలుసు, తెలుగు శుభ్రంగా మాట్లాడతాడని ఎవరో చెబితే రేడియోవాళ్ళు తెలుగు వ్యాఖ్యానానికి పిలిచారు. మైకు ముందు మొదటి రోజే ప్రొడ్యూసరుగారు ఒక నియమం చెప్పారు. మైదానంలో ఎవరైనా దెబ్బ తగిలి పడిపోతే ఆ మాట ఎత్తకూడదు. ఇళ్ళల్లో తల్లులు, భార్యలు వింటుంటారు, వాళ్ళను భయపెట్టకూడదు. ఆట మళ్ళీ మొదలయ్యేదాకా వాతావరణం గురించో, వచ్చిన జనం గురించో చక్కగా చెబుతూ ఉండాలి. దయగల నియమంలాగే అనిపించింది. నేను అందులో ఆరితేరాను కూడా. గ్రౌండు నుంచి కనిపించే నౌబత్ పహాడ్ గుట్ట మీది మబ్బుల్ని నాలాగా వర్ణించేవాడు లేడని మెచ్చుకుంటూ శ్రోతలు ఉత్తరాలు రాసేవారు.

అన్న భార్య, మా వదిన, మిగతా శ్రోతల్లాంటిది కాదు. వంటింట్లో రేడియో పెట్టుకుని వింటూ వింటూ ఆ కిటుకు కనిపెట్టేసింది. నేను మబ్బులెత్తుకున్నానంటే ఎవడో ఒకడు నేల మీదున్నాడని ఆమెకు తెలిసిపోయేది. తర్వాత నేను మామూలుగా పేర్లు చెబుతుంటే, భర్త పేరు వినబడేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉండేదట.

ఒక వానాకాలం సెమీఫైనల్లో కార్నర్ బంతికి అన్న, అవతలి జట్టు ఫార్వర్డు ఒకేసారి ఎగిరారు. ఆ తలల చప్పుడు నేను కూర్చున్న గదిదాకా వినిపించింది. అన్న పడినవాడు పడినట్టే ఉన్నాడు. ఎదురుగా ప్రొడ్యూసరుగారు వేలు పైకెత్తి ఆకాశం చూపించారు. నేను మబ్బుల గురించి చెప్పడం మొదలుపెట్టాను, ఎంతకీ అన్న లేవలేదు, మబ్బులయ్యాక గాలి గురించి, గాలయ్యాక చెట్ల గురించి చెప్పాను. చివరికి ఉస్తాద్ తడి తువ్వాలు తలకు చుట్టి నిలబెడితే, మళ్ళీ తన చోటికి వెళ్ళి ఆడాడు. ఆడకపోతే ఎలా? నాకంటే ముందు చేరినా, ఆయన పర్మనెంట్ కాగితాలు అప్పటికింకా పెద్దసారు బల్ల మీదే ఉన్నాయి. వదిన రిక్షా కట్టించుకుని వచ్చేసరికి ఆట అయిపోయింది, మేం గెలిచాం కూడా.

ముగ్గురం కలిసి నడిచి వస్తుంటే, నాంపల్లి స్టేషన్ ముందు ఆయన ఆగిపోయాడు. పుట్టి పెరిగిన చోటు అది.

“తమ్మి, మన ఇంటికి ఎటు పోవాలె?” అన్నాడు.

పరాచికాలాడుతున్నాడనుకుని నేను పెద్దగా నవ్వాను. వదిన మాత్రం నవ్వలేదు. ఆ రాత్రే ఆడటం మానెయ్యమని కాళ్ళా వేళ్ళా పడింది. కాగితాలు రానీ అన్నాడాయన. కాగితాలొచ్చాక, ఈ ఒక్క సీజన్ అన్నాడు. అలా ఇంకొన్నేళ్ళు ఆడాడు.

పదవీ విరమణకు ముందే మతిమరుపు మొదలైంది. మొదట తాళంచెవులు, తర్వాత దారులు, ఆ తర్వాత అల్లుళ్ళ పేర్లు. అకారణంగా కోపం, ఒకసారి వదిన మీద చెయ్యి కూడా ఎత్తాడు. జీవితంలో ఎన్నడూ ఆ పని చేయని మనిషి. దవాఖానలో తలకు ఫిలిం తీసి చూసిన డాక్టరు, ఈయన బాక్సింగ్ చేసేవారా అని అడిగాడు. నా మోకాలికి స్టీలు ముక్క వేసి అతికారు. ఆయన తలకు అలాంటి సదుపాయం ఏదీ లేదన్నారు.

మొన్న నేను వెళ్ళేసరికి వదిన ఆయనకు గడ్డం గీస్తోంది. “జర నువ్వన్న మాట్లాడు, మూడు దినాల సంది నోరు ఇప్పలే. ఆట ముచ్చటైతే పలుకుతడేమో,” అంది. ఆమెకు ఆయన ఒక్క మాట మాట్లాడితే చాలు. నాకు అంతకంటే ఎక్కువే కావాలి. మేం ఆపినవి ఏ పేపర్లోనూ రాలేదు, నేను మైకు ముందుకు రాకముందటివి రేడియోలోనూ లేవు, అవన్నీ ఆ మనిషి తలలోనూ నా తలలోనూ మాత్రమే ఉన్నాయి. అందుకే దగ్గరకు జరిగి, మేమిద్దరం బ్యాకులుగా ఆడిన పాత మ్యాచ్ ఒకటి ఎత్తుకున్నాను. కుడివైపు నుంచి అవతలి ఫార్వర్డు ఎలా దూసుకొచ్చాడో, పైనుంచి వచ్చిన బంతిని ఆయన ఎలా తిప్పికొట్టాడో, అది జారి వస్తే గోలు గీత మీద నేను ఎలా అడ్డం పడ్డానో, అన్నీ చెప్పాను. ఆయన కళ్ళల్లోకి వెలుగొచ్చింది. వదిన చేతిలోని గడ్డం కత్తి పక్కన పెట్టేసింది. ఆయన నా ముఖంలోకి చాలా మర్యాదగా చూశాడు.

“నీకెవలో తప్పు చెప్పిన్రు,” అన్నాడు. “గాడ నా పక్కన ఎవ్వరు లేకుండె. నేను ఒక్కన్నే ఆపిన.”

వదిన ముఖం తిప్పుకుంది. “ఔ అన్నా, తప్పే చెప్పిన్రు,” అని నేను ఆయన చెయ్యి నిమిరి లేచాను.

ఇప్పుడు ఆడేవాడు అడుగు తీసి అడుగు వేస్తే పది కెమెరాలు పట్టుకుంటున్నాయి, ఆపినవాళ్ళను కూడా పదేపదే చూపిస్తున్నారు. బంతులు తేలికయ్యాయి, తల తగిలితే డాక్టరు మాటే చెల్లుతోంది, పడినవాడి గురించి మైకుల్లో దాచకుండా చెబుతున్నారు. ఇదంతా మంచిదే, మాకు లేదని ఏడవను. కానీ ఆ రోజుల గురించి నేనేం చెప్పినా ఇక నేను చెప్పిందే మిగులుతుంది. అందులో తప్పుంటే, కాదు తమ్మి గట్ల కాదు అని దిద్దే మనిషి నాంపల్లి సందులో కుర్చీలో కూర్చుని ఉన్నాడు గానీ, లేడు.