చిన్నాయన కట్టిన ఇన్వర్టర్

మొన్న మంగళవారం పుంగనూరులో మా చిన్నాయన పోయాడు. నిద్రలోనే పోయాడు, బాధ పడలేదు అని ఫోనులో చెప్పారు. ఆయన బాధ పడిన సంగతి నాకు తెలుసు. పెట్టింది నేనే.

బస్టాండు దగ్గర ఆయనకు రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. టీవీలొచ్చాక రేడియో తెచ్చేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు పట్టుకుంది ఆయనకు ఇన్వర్టర్ల పిచ్చి. లారీవాళ్లు తీసేసిన బ్యాటరీ, చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, యాపిల్ పెట్టెల చెక్కలు. మొట్టమొదటిది మదనపల్లెలో మా ఇంటికే కట్టాడు, మా అమ్మాయి పదో తరగతిలో ఉందని. బ్యాటరీని బస్సులో కాళ్ల మధ్య పెట్టుకుని తెచ్చాడు. యాసిడ్ పడి పంచె నిండా చిల్లులు.

"కండక్టరు దీనికీ టికెట్టు అడిగినాడమ్మా. సీటిస్తే కొంటాలే అంటిని" అని నవ్వాడు.

బ్యాటరీ మూతలు ఆరూ నా చేతే విప్పించి, డిస్టిల్డ్ వాటర్ పోయించాడు. "దీనికి దప్పికైతే ఈ సీసా నీళ్లే పొయ్యల్ల. మన బోరు నీళ్లు పోస్తివా, సచ్చిపోతాది సూడు."

మా బోరు నీళ్ల సంగతి నాకు తెలియనిదా? పప్పు ఉడకదు, బిందె అడుగున సున్నం కడుతుంది. అయినా సీసా అయిపోయినప్పుడు బజారుకు పోవడానికి బద్ధకించాను. నీళ్లు నీళ్లే కదా అని కుళాయి కింద చెంబు పెట్టాను. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు.

ఆర్నెల్లకే అది చచ్చిపోయింది. మా ఆయన ఎగిరిపడ్డారు. "మీ చిన్నాయన పనితనం ఇదేనా? కంపెనీది కొందామంటే వింటివా?" బోరు నీళ్ల మాట నేను చెప్పలేదు. చిన్నాయన వచ్చి మూతలు విప్పాడు. లోపల పలకల మీద తెల్లటి పొర. నావైపు ఒక్కసారి చూశాడు.

"పాత బ్యాటరీ కదా అల్లుడా. తప్పు నాదే" అని అంతా విప్పి తీసుకుపోయాడు. కాఫీ కూడా తాగలేదు.

అంతటితో పోయినా బాగుండేది. కుప్పంలో ఒక బడివాళ్లు కంప్యూటర్ల గదికి ఆయన చేత పెద్దది కట్టించుకోవాలనుకున్నారు. ఆ పని దొరికితే కొట్టు నిలబడుతుందని ఆయన ఆశ. ముందెవరికి కట్టావని వాళ్లు అడిగితే నా నంబరే ఇచ్చాడు, చూడండి! హెడ్మాస్టరు ఫోన్ చేసినప్పుడు మా ఆయన పక్క కుర్చీలోనే ఉన్నారు.

"ఎట్లుండాది మేడం?"

"ఆర్నెల్లకే పోయింది సార్."

అబద్ధం కాదు. కానీ అంత పాపిష్టి నిజం నేనింకెప్పుడూ చెప్పలేదు.

ఆ ఏడాదే చిన్నాయన కొట్టు మూశాడు. ఎవరి షాపులోనో ఫ్యాన్లకు వైరు చుడుతూ మిగతా కాలం గడిపాడు. ఎప్పుడు వెళ్లినా "బాగుండావామ్మా?" అనే పలకరించేవాడు. ఒక్కసారి తిట్టి ఉంటే కాళ్ల మీద పడేదాన్ని. తిట్టలేదు, నేనూ పడలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను: ఆయన కట్టింది చెడిపోలేదు, నేను చెడగొట్టాను.

నిన్న మధ్యాహ్నం ఆయన ఇంట్లో కూర్చుని ఉండగా కరెంటు పోయింది. టక్కుమని వంటింట్లో బల్బు వెలిగింది. వెళ్లి చూస్తే మా ఇంట్లోంచి ఆయన విప్పి తీసుకుపోయిన పెట్టే! చెక్క మీద అప్పట్లో మా అమ్మాయి గీసిన పెన్సిలు గీతలు అట్లే ఉన్నాయి. బ్యాటరీ మాత్రం వేరేది.

చిన్నమ్మ సీసా తెచ్చి నా చేతికిచ్చింది. "ఈ నెల నీళ్లు పొయ్యలేదమ్మా. నాకు సేతకాదు. నేర్పించప్పా అంటే మీ చిన్నాయన, మదనపల్లె పాపకు నేర్పించినాలే, ఆ పాపకు బాగా తెలుసు అనేవాడు. నువ్వే పొయ్యి."

"మా ఇంట్లో బ్యాటరీని నేనే చంపినా చిన్నమ్మా. బోరు నీళ్లు పోసి."

ఆమె నా చేతిలోని సీసా మూత తిప్పి తీసింది. "ముందు దీనికి పొయ్యమ్మా" అంది.

కింద కూర్చుని మూతలు ఒక్కొక్కటే విప్పి ఇచ్చాను. చిన్నమ్మ ఆరింటినీ కొంగులో పట్టుకుని నిలబడింది. సీసా వంచితే, మొదటి రంధ్రం దగ్గరే నీళ్లు పక్కకు కారిపోయాయి.