డ్రిల్లు సారు చెప్పకుండా పెట్టే పరీక్షలు

డ్రిల్లు సారు పోయారన్న కబురు మా ఇంటికి తెచ్చింది ఊరి కబడ్డీ జట్టు కెప్టెన్. పొద్దున్నే వాకిట్లో నిలబడి, సారు నిద్రలోనే పోయారని చెప్పాడు. మా ఆయన కదల్లేదు.

"నేను నమ్మను. నన్ను ఉరికించి చూడాలని సారే నిన్ను పంపించింటాడు" అన్నాడు.

కెప్టెన్ కండువాతో కళ్ళు తుడుచుకున్నాక గానీ మా ఆయనకు నమ్మకం కుదరలేదు. అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. సారు సంగతి తెలియనివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి చెబుతాను.

సారు కంబదూరులో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. బడి వదిలినా ఈల వదల్లేదు. మా ఊరి జట్టులో అందరూ ఆయన శిష్యులే. నేను బడికి పోయింది కొన్నేళ్ళే, ఆ బడిలో డ్రిల్లు సారే లేడు. అందుకని ఈ ఆటల మనుషులు నాకు కొత్త. పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆయన కబడ్డీ ఆడుతూ కింద పడ్డాడు. ఎడమ మోకాలు మెలి తిరిగి లోపల లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి అనంతపురం పోయి వ్యాయామాలు చేశాడు. ఒంటికాలి మీద గెంతడం మా వాకిట్లో కూడా సాధన చేసేవాడు. నేను వేసిన ముగ్గు ఒక్క రోజూ మధ్యాహ్నం దాకా నిలవలేదు.

చివరికి ఫిజియో డాక్టరు గెంతించి, కొలిచి, రెండు కాళ్ళకూ బలం దాదాపు సమానంగా వచ్చిందన్నారు. వెంట వెళ్ళిన సారుతో ఇంకో మాట కూడా చెప్పారు. ఇక్కడ నేను గెంతమంటే గెంతుతున్నాడు, ఆటలో ఎవరూ చెప్పి పట్టుకోరు, ఉన్నట్టుండి తిరగాల్సి వచ్చినప్పుడు ఆ కాలిని నమ్ముతున్నాడో లేదో కొన్నాళ్ళు గమనించండి అని. మళ్ళీ తెగితే ఆటతోపాటు సేద్యం కూడా కష్టమని హెచ్చరించారు.

సారు ఆ మాట మనసులో పెట్టుకున్నారు. ఫలితం మేమందరం అనుభవించాం.

"చెప్పి పెట్టే పరీక్షలో గొర్రె కూడా పాసవుతాది" అనేవారు. మా ఆయన నడుస్తుంటే వెనక నుంచి పాత సైకిల్ టైరు దొర్లించేవారు. టీ అంగడి దగ్గర మాట్లాడుతూ మాట్లాడుతూ భుజంతో మెల్లగా పక్కకు నెట్టేవారు. ఏ కాలు ముందు పడింది, అది బరువు మోసిందా లేదా అని చూసేవారు. మా ఆయన సొంత ఊళ్ళో దొంగలాగా గోడలు పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు సారు పశువుల మేతకు వేసిన శనక్కట్టె వామి వెనక దాక్కుని, అడుగుల చప్పుడు వినగానే కూత పెడుతూ బయటికి దూకారు. వచ్చింది మా అత్త. నెత్తిన గడ్డిమోపుతో సహా ఆమె పక్కకు ఎగిరిన ఎగురుడు ఊరంతా చెప్పుకుంది. తిట్లన్నీ విన్నాక సారు తీరిగ్గా, "ఈయమ్మ మోకాళ్ళు బాగుండాయి. ఈయమ్మను ఆడిద్దాం" అన్నారు.

మా ఆయన అంత జాగ్రత్తపడ్డాక ఇక పరీక్షలు పనిచేయవని సారుకు అర్థమైంది. అప్పుడు నా దగ్గరికి వచ్చారు. నేను ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగను. కాఫీ గ్లాసు గడప మీద పెట్టి లోపలికి పరుగెత్తేదాన్ని. సారు అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చున్నారు.

"నాతో మాట్లాడొద్దులేమ్మా. నీ పక్క గోడ ఉండాది కదా, దానితో చెప్పు. నేను ఊరికే ఈడ కూర్చోనుంటా."

నేను తలుపు చాటు నుంచి గోడకు చెప్పాను. పళ్ళు తోముకునేటప్పుడు కొంగ మాదిరి కుడికాలి మీదే నిలబడతాడని, అన్నం తిని లేచేటప్పుడు ఎడమకాలిని ముందే పక్కకు జరుపుకుంటాడని. సారు వీధిని చూస్తూ "ఊఁ, ఊఁ" అనేవారు. సారుకు వయసు మీదపడి తనలో తాను మాట్లాడుకుంటున్నాడని వీధిలో అనుకున్నారట.

కళ్యాణదుర్గం పోటీలు దగ్గర పడ్డాయి. జట్టంతా మా వాకిట్లో చేరింది. మా ఆయన ఎడమకాలి మీదే గెంతుతూ వాకిలి చుట్టి వచ్చి, ఇంకేం కావాలన్నాడు. కెప్టెన్‌కు కూడా ఆడించాలనే ఉంది. సారు తలుపు వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వేమంటావు?" అని అడిగారు.

అందరూ ఇటే చూశారు. నేను మాట్లాడే గోడకు ఇద్దరు ఆటగాళ్ళు ఆనుకుని ఉన్నారు. కానీ ఆ కాలు మళ్ళీ తెగితే?

"ఇప్పుడే వద్దు సారూ. నిన్న తేలు కనపడితే కుడికాలి మీదే ఎగిరినాడు. ఎడమకాలు కింద పెట్టనే లేదు."

వాకిలంతా నవ్వింది. మా ఆయన మాత్రం, ఇంట్లోనే సీఐడీని పెట్టుకున్న్యానని గొణిగాడు. జట్టు ఆయన లేకుండా పోయి ఓడి వచ్చింది. నేను ఎదురుగా చెంబు పట్టుకుని నిలబడినా మా ఆయన నీళ్ళు వాళ్ళమ్మను అడిగేవాడు. ఆ కోపం సంగతి సారు దాకా పోయింది. వచ్చి మా ఆయన పక్కన కూర్చున్నారు.

"నీకు నీ కాలు మీద ప్రేమ, నాకు ఆట మీద ప్రేమ. ఇద్దరమూ సరిగ్గా చూడలేం. ఆయమ్మకు నువ్వు కావల్ల. అందుకే ఉన్నదున్నట్ల చెప్పింది."

కెప్టెన్‌ను పిలిచి, తాను లేనప్పుడు ఆ కాలి సంగతి నన్నే అడగమని చెప్పి పోయారు. ఆ రాత్రి మా ఆయన అన్నం నన్నే అడిగాడు.

మళ్ళీ పోటీలు వచ్చే లోపల సారు వెళ్ళిపోయారు.

పాడె మోస్తానని మా ఆయన పట్టుబట్టాడు. ముందు ఒక పక్క ఆయన, రెండో పక్క కెప్టెన్. ఆ బరువుకు, ఆ గుంతల దారికి మోకాలు ఏమవుతుందోనని నాకు భయం. వద్దనడానికి అది సమయం కాదు. ఆడవాళ్ళతో కలిసి వెనక నడిచాను. ఊరి చివర టపాకాయలు పేలగానే ఒక బర్రె పలుపు తెంచుకుని దారికి అడ్డంగా ఉరికి వచ్చింది. మా ఆయన ఎడమకాలు పక్కకు వేశాడు. పాడె బరువంతా ఆ కాలి మీదే తీసుకుని, వంగి, తిరిగి, బర్రెను పోనిచ్చి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. సారు కొంచెం ఊగి, సర్దుకున్నారు.

కెప్టెన్ పాడె కింద నుంచే మెడ తిప్పి, ఆడవాళ్ళలో నా కోసం వెతికాడు. నేను నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి, అందరూ చూస్తుండగా తల ఊపాను. మా ఆయనకు ఇదేమీ తెలియదు. తన కాలు ఏం చేసిందో కూడా తెలియదు. ముక్కు చీదుకుంటూ, సారును మోసుకుంటూ, ఎర్రమట్టి దారిలో సమానంగా అడుగులు వేస్తూ పోతున్నాడు.